చూసిన చోటే గీసే బొమ్మ: పాఠకుల సందేహాలకు జవాబులు

ప్రశ్న: ఆదివారం పొద్దున్నే మా బృందం చార్మినార్ దగ్గర చేరి బొమ్మలేస్తుంది. ఎన్నిసార్లు వేసినా నా మీనార్లు పేజీ దాటిపోతున్నాయి. బాల్కనీలేమో తర్వాత అతికించినట్టు కనిపిస్తున్నాయి. ఎక్కడ తప్పుతోంది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. తోరణం దగ్గర మొదలుపెట్టి పైకి గీసుకుంటూ పోతే మీనార్ల వంతు వచ్చేసరికి చోటు మిగలదు. ఇష్టపడి చూసే భాగాన్ని తెలియకుండానే పెద్దగా వేసేస్తాం. అందుకే ముందు గీతలొద్దు, గుర్తులు పెట్టుకోండి. ఎ5 పుస్తకం నిలువుగా పెడితే ఎత్తు 21 సెంటీమీటర్లు. పైన ఒకటిన్నర వదిలి మీనార్ కొనకు ఒక గుర్తు, కింద నాలుగున్నర వదిలి నేలకు ఒక గుర్తు. ఆ మధ్యలో ఉన్న 15 సెంటీమీటర్లే మీ కట్టడం. కింద వదిలింది జనానికీ, బండ్లకీ. ఇప్పుడు చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో ఎత్తులో సగం ఎక్కడ పడుతుందో చూడండి. మొత్తం వెడల్పు ఎత్తులో ఎన్నో వంతో కూడా అలాగే కొలవండి. మోచెయ్యి కాస్త వంగినా కొలత మారిపోతుంది. చాలామందికి లెక్క కుదరనిది అక్కడే. ఇవన్నీ సరిపోయాకే తోరణం జోలికి వెళ్లండి.

బాల్కనీల సంగతి తెలియాలంటే చేతికి వేసుకునే గాజు ఒకటి తీసుకోండి. కంటికి సరిగ్గా ఎదురుగా అడ్డంగా పట్టుకుంటే సన్నటి గీతలా కనిపిస్తుంది. మెల్లగా పైకెత్తండి. మీవైపు అంచు బోర్లించిన నెలవంకలా పైకి వంగుతుంది, ఎత్తే కొద్దీ ఆ వంపు పెరుగుతుంది. మీనార్ బాల్కనీలూ అంతే. కింది బాల్కనీకి వంపు తక్కువ, పైదానికి ఎక్కువ. మీరు అన్నిటికీ ఒకే వంపు ఇచ్చినా, తిన్నగా గీత గీసేసినా అవి కట్టడంలో కలవవు. 1889లో పెట్టిన గడియారాలదీ ఇదే కథ. మూల నుంచి చూస్తుంటే అవి గుండ్రంగా ఉండవు, కోడిగుడ్డులా కనిపిస్తాయి. గడియారం గుండ్రటిదని మనకు తెలుసు కాబట్టి చెయ్యి సున్నా చుట్టేస్తుంది. తెలిసింది కాకుండా కనిపించింది వెయ్యాలి.

ఇంకొక్క మాట. చార్మినార్‌కు ఉత్తరాన ఉన్న గుల్జార్ హౌజ్ వైపు నిలబడి వేస్తుంటే పొద్దున ఎండ మీ ఎడమ నుంచి వస్తుంది. గుర్తులు పెట్టగానే నీడల అంచులు పెన్సిల్‌తో గీసుకుని, ఇక మార్చకండి. గంటయ్యాక కదిలిన నీడల్ని కూడా కలిపితే బొమ్మలో ఇద్దరు సూర్యులుంటారు.

ప్రశ్న: పెన్నుతో గీసి రంగు వేయగానే గీతలు కరిగి బూడిదరంగు పాకుతోంది. కాగితం కూడా ఉబ్బుతోంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మామూలు జెల్ పెన్నుల సిరా, ఫౌంటెన్ పెన్ను సిరా చాలావరకు నీటికి కరుగుతాయి. వాటర్‌ప్రూఫ్ పిగ్మెంట్ సిరా పెన్ను తీసుకోండి, 0.3 మిల్లీమీటర్ల మొన ఒకటి, 0.5 ఒకటి చాలు. కొన్నాక పుస్తకం చివరి పేజీలో పది గీతలు గీసి, ఒక నిమిషానికి కొన్నిటి మీద, ఐదు నిమిషాలకు కొన్నిటి మీద తడి కుంచె లాగి చూడండి. మీ కాగితం మీద ఎంతసేపు ఆగాలో తేలిపోతుంది. సముద్రపు గాలికి ఆరడం ఆలస్యమవుతుంది కాబట్టి ఈ పరీక్ష ఇంట్లో ఫ్యాను కింద కాకుండా బీచ్ రోడ్డు మీదే చెయ్యండి. ఇండియన్ ఇంక్ నీటికి చెక్కుచెదరదని ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకండి. అందులోని లక్క గట్టిపడి పెన్ను పూడుకుపోతుంది. దానికి ముంచి రాసే పాళీ వాడాలి.

కాగితం ఉబ్బుతోందంటే పలచగా ఉందన్నమాట. 100, 120 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) పుస్తకాలు పెన్సిల్‌కీ పెన్నుకీ బాగుంటాయి గానీ నీటిని తట్టుకోలేవు. కనీసం 200, వీలైతే 300 ఉండాలి. ఖరీదనిపిస్తే పెద్ద షీటు కొని నాలుగుగా కోసి, అట్టకు క్లిప్పులతో బిగించుకోండి. రంగులు మొదట్లో మూడు చాలు: అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా, యెల్లో ఓకర్. మొదటి రెండూ కలిపితే నీడలకు మంచి బూడిదరంగు వస్తుంది. నలుపు ట్యూబుతో వేసిన నీడ మసిలా ఉంటుంది. సగం ఆరిన రంగు మీద మళ్లీ తడి కుంచె పెడితే కాలీఫ్లవర్ అంచుల్లాంటి మరకలు పడతాయి. పూర్తిగా తడిగా ఉన్నప్పుడు వెయ్యండి, లేదంటే పూర్తిగా ఆరాక వెయ్యండి. ఆ మధ్యలో ముట్టుకోవద్దు.

ప్రశ్న: ఫోటో చూసి వేసినవి బృందంలో పెడితే కొందరు ఒప్పుకోవడం లేదు. తప్పా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: బొమ్మగా తప్పేం లేదు. కానీ గాబ్రియేల్ కాంపనారియో 2007లో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ (ఊళ్లను చూసి అక్కడే బొమ్మలేసేవారి అంతర్జాతీయ బృందం) నియమాల్లో మొదటిదే, ఉన్న చోట చూసి గీయడం. అందుకే వారి అభ్యంతరం సబబే. అక్కడ మొదలుపెట్టి రంగు ఇంట్లో పూర్తిచేస్తే ఆ మాట బొమ్మ పక్కన రాయండి. పూర్తిగా ఫోటో నుంచి వేసినవి వేరేగా పెట్టండి.

ప్రశ్న: గీయడం అయ్యాక పుస్తకాలన్నీ వరసగా పరిచి చూసుకుంటాం. అందరం "సూపర్", "బాగుంది" అనేసి టీకి వెళ్లిపోతాం. ఎవరికీ ఏమీ ఒరగడం లేదు. విమర్శిస్తే కొత్తవాళ్లు మళ్లీ రావడం లేదు. ఎలా మాట్లాడుకోవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మెచ్చుకోలైనా విమర్శైనా రెండూ తీర్పులే. తీర్పు పక్కన పెట్టి, కనిపించింది చెప్పండి. టీ కొట్టు బొమ్మ ఉందనుకుందాం. "నా కన్ను ముందు బోర్డు మీదికి పోయింది. అక్షరాలు అన్నిటికంటే నల్లగా ఉన్నాయి. టీ పోస్తున్న చెయ్యి ఆ తర్వాతే కనిపించింది." ఇంతే చాలు. బాగుందనీ లేదనీ అనలేదు. చెయ్యే ముఖ్యమనుకుని గీసినవారికి బోర్డు అక్షరాలు పలచన చేయాలని అర్థమైపోతుంది. బోర్డే ముఖ్యమైతే వారు సంతోషిస్తారు. ఒక్కో బొమ్మకు రెండు నిమిషాలు, గీసినవారు చివర్లోనే మాట్లాడాలి. ముందే "నాకు సరిగ్గా రాలేదండీ" అంటే అందరూ ఓదార్చడంలో పడతారు. "ఇలా చేసి ఉండాల్సింది" అనే మాట మాత్రం వారు అడిగితేనే. ఎవరి పుస్తకం మీదా ఇంకొకరు గీత పెట్టొద్దు. చూపించాలనుంటే వేరే కాగితం మీద చూపించండి. పదిమందికి మించితే రెండు గుంపులవ్వండి, లేకపోతే చివరి పుస్తకాల దగ్గరికొచ్చేసరికి ఓపికలుండవు.

ఫోన్‌లో పంపేటప్పుడు ఫోటో ఎండలో కాదు, చెట్టు నీడలోనో వరండాలోనో తియ్యండి. ఫోన్ కాగితానికి సమాంతరంగా ఉండాలి.

ప్రశ్న: దామెర్ల రామారావు చిత్రశాలకు బృందంగా వెళ్తున్నాం. గంటలో అన్నీ చూసేస్తాం, బయటికొచ్చాక ఏదీ గుర్తుండదు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అన్నీ చూడాలనుకోవడమే అందుకు కారణం. ఒకసారి చుట్టి వచ్చి, మిమ్మల్ని ఆపిన రెండింటిని ఎంచుకుని, ఒక్కోదాని ముందు పదిహేను నిమిషాలు నిలబడండి. సిబ్బందిని అడిగి, పెన్సిల్ మాత్రమే తీయండి. సిరా, నీళ్లు సంచిలోనే ఉండాలి. పుస్తకంలో అగ్గిపెట్టె అంత చట్రం గీసి, ముఖాలూ నగలూ వదిలేసి, వెలుగు, మధ్యస్థం, చీకటి అని మూడు మచ్చలుగా బొమ్మను దింపండి. చూపు ఎక్కడ మొదలై ఎటు తిరుగుతోందో బాణం గుర్తు వేయండి. తర్వాత బొమ్మకు వీపు పెట్టి, గుర్తున్నంత వరకూ ఇంకో చట్రంలో గీసి, తిరిగి చూసి పోల్చుకోండి. రెండో చట్రంలో ఏది తప్పిపోయిందో దాన్ని మీరు చూడలేదన్నమాట. అక్కడే ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. 1897లో పుట్టి 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయిన చిత్రకారుడాయన. ఆ వయసులో ఆ గీత మీద అంత పట్టు ఎలా కుదిరిందో తెలియాలంటే, ఒక చెయ్యి వంపునో చీర కుచ్చిళ్లనో తీసుకుని ఆ ఒక్క గీతనే పదిసార్లు అక్కడే గీసి చూడండి.