పవర్ సప్లై ఫ్యాన్ తిరగడం లేదంటే పాడైనట్టు కాదు

నమస్తే అండి. కంప్యూటర్‌కి పెట్టిన కొత్త 750 వాట్ల పవర్ సప్లైలో ఫ్యాన్ తిరగడం లేదని, వెనకున్న హైబ్రిడ్ స్విచ్ ఎలా పెట్టాలని అడిగారు కదా. టెన్షన్ పడకండి. హైబ్రిడ్ మోడ్‌లో లోడ్ (సిస్టమ్ లాగే కరెంటు) తక్కువగా ఉన్నంతసేపు ఫ్యాన్ ఆగే ఉంటుంది. బ్రౌజింగ్‌కీ సినిమాలకీ మీ సిస్టమ్ 100 వాట్లు కూడా లాగకపోవచ్చు, ఇక ఫ్యాన్‌కి పనేముంది?

అనుమానం తీరాలంటే హైబ్రిడ్ ఆఫ్ చేసి సిస్టమ్ ఆన్ చేయండి. స్విచ్ ఏ వైపు ఉంటే ఏ మోడో కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకోండి. ఫ్యాన్ తిరిగితే బాగున్నట్టే. అప్పటికీ కదలకపోతే వారంటీకి పంపండి. డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో (కరెంటును నిల్వ ఉంచే భాగాల్లో) ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

మీది విజయవాడ, ఏసీ లేని గది అన్నారు. నేనైతే మార్చి నుంచి జూన్ దాకా హైబ్రిడ్ ఆఫ్‌లోనే, అంటే ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా ఉంచుతాను. వేడి 10 డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ల ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మెల్లగా తిరిగే ఫ్యాన్ చప్పుడు సీలింగ్ ఫ్యాన్ హోరులో వినపడను కూడా వినపడదు. చలికాలంలో హైబ్రిడ్ మళ్లీ ఆన్ చేసుకోండి.

బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్ మెనూలో) పవర్ సప్లై ఫ్యాన్ వేగం కోసం వెతక్కండి, మామూలు పవర్ సప్లైల్లో ఆ ఫ్యాన్‌ని మదర్‌బోర్డు నడపదు.

ఇంకొకటి, క్యాబినెట్ అడుగున జాలీ ఉంటే పవర్ సప్లై ఫ్యాన్ కిందికి, లేకపోతే పైకి ఉండేలా బిగించండి. జాలీ ఫిల్టర్‌లో దుమ్ము నెలకోసారి దులపండి.