రూట్ 66లో సగం చాలు

చి. బాబుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రయాణ పథకం చదివాను. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని చికాగోలో బయలుదేరి, పది రోజుల్లో రూట్ 66 అనే అమెరికా పాత హైవే అంతా తిరిగి కాలిఫోర్నియాలోని సాంటా మోనికా చేరాలంటున్నావు. ఆ రోడ్డు పొడవు 2,448 మైళ్లు. రోజుకు 245 మైళ్లు పడుతుంది. ఇంటర్‌స్టేట్ అనే కొత్త పెద్ద హైవే మీద అది నాలుగు గంటల పనే. పాత రోడ్డు అలా కాదు, ఊళ్ల నడిబొడ్డున పోతుంది. ప్రతిచోటా వేగం తగ్గించాలి, దిగి చూడాలి. మీ అమ్మ మోకాళ్ల సంగతి ఆలోచించావా? సగం చాలు. టెక్సాస్‌లోని అమరిల్లో దాకా విమానంలో వెళ్లి, అక్కడి నుంచి పడమటికి బయలుదేరండి.

ముందు ఒక సంగతి తెలుసుకో. 1926 నవంబరు 11న నంబరు పడిన ఈ రోడ్డును 1985లో అధికారికంగా రద్దు చేశారు. ఇప్పుడున్నవి ముక్కలే. అందుకే ఫోనులోని మ్యాపు నిన్ను మాటిమాటికీ ఐ-40 అనే ఇంటర్‌స్టేట్ మీదికి తోస్తుంది. ప్రతి మలుపూ రాసిన గైడు పుస్తకాలు దొరుకుతాయి. ఒకటి కొని మీ నాన్న చేతిలో పెట్టు. చిన్నప్పుడు రైల్వే టైంటేబులు బట్టీ పట్టినవాడు, దారి చెప్పే పని వాడికి వదిలెయ్.

అమరిల్లో శివార్లలో పది కాడిలాక్ కార్లు ముక్కు భూమిలోకి దిగబడి ఉంటాయి. 1974లో ముగ్గురు కళాకారులు పాతిన కార్లు అవి. ఎవరైనా రంగు చల్లవచ్చు. మీ నాన్న తన పేరు తెలుగులో రాసుకుంటానంటే రాసుకోనీ, మర్నాటికి దాని మీద ఇంకొకరు రాస్తారు. ఖాళీ డబ్బాలు మాత్రం అక్కడ పారేయకండి. ఏడ్రియన్ ఊళ్లో అటు చికాగో, ఇటు లాస్ ఏంజెలిస్ సరిసమాన దూరం అన్న బోర్డు దగ్గర ఒక ఫొటో చాలు.

మొదటి రాత్రి న్యూ మెక్సికోలోని టుకమ్‌కారిలో ఉండండి. 1939 నాటి బ్లూ స్వాలో మోటెల్‌లో గదుల పక్కనే కారు పెట్టుకునే కొట్లుంటాయి, చీకటిపడగానే నియాన్ బోర్డు వెలుగుతుంది. రోడ్డుకు నూరేళ్ల సంబరం కదా, గది చాలా ముందే తీసుకోవాలి. చెయిన్ హోటళ్లలో పడుకునేట్టయితే ఈ రోడ్డు మీదికి రావడం దండగ అంటాను నేను.

ఈ దారిలో చాలా మోటెళ్లు గుజరాతీ పటేళ్లవి. ఇంటర్‌స్టేట్ వచ్చి బేరాలు పడిపోయిన మోటెళ్లను కొని, కుటుంబమంతా అక్కడే కాపురముండి నడిపారు. వారిని దెబ్బతీయాలని పక్క మోటెళ్లవారు ‘అమెరికన్ యాజమాన్యం’ అని బోర్డులు పెట్టుకున్న రోజులున్నాయి. అంతకుముందు నల్లజాతివారి కష్టం ఇంకా పెద్దది. రాత్రి తమకు గది ఇచ్చే చోట్లు తెలుసుకోవడానికి, 1936లో మొదలైన గ్రీన్ బుక్ అనే గైడు దగ్గర పెట్టుకుని ప్రయాణించేవారు. ఇది మీ నాన్నకు చెప్పు. నియాన్ దీపాల ఫొటోల్లో ఈ కథ కనబడదు.

న్యూ మెక్సికోలో మీ అమ్మకు తిండి బాధ ఉండదనుకుంటావు, మిరపకాయల రాజ్యం కదా. జాగ్రత్త. పచ్చిమిర్చి పులుసులో తరచుగా పంది మాంసం వేస్తారు, చిక్కుడు గింజలు పంది కొవ్వుతో వండుతారు. అడిగి తినండి. ఎరుపా, పచ్చా అని వారడిగితే రెండూ కావాలనడానికి ‘క్రిస్మస్’ అనాలి.

అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ వదలకు. పాత రోడ్డు సాగిన చోట గుర్తుగా 1932 నాటి తుప్పుపట్టిన స్టూడీబేకర్ కారు నిలిపారు. ఆ పార్కులో ఉన్నవి 20 కోట్ల ఏళ్లకు పైబడిన, రాయిగా మారిన చెట్లు. ముద్దుగా ఉన్న రాయి కనబడితే కొంగున ముడివేసుకునే అలవాటు మీ అమ్మకుంది. అక్కడ చిన్న ముక్క తీసినా నేరమని ముందే చెప్పు. హోల్‌బ్రుక్‌లో సిమెంటు గుడారాల మోటెల్ సరదాగా ఉంటుంది గానీ, ఆ చుట్టుపక్కల నవాహో ఆదివాసుల ఇళ్లు అలా ఉండవు.

విలియమ్స్ ఊరి నుంచి గ్రాండ్ కాన్యన్ వెళ్తారుగా. 2026 నుంచి విదేశీ సందర్శకులకు అక్కడ మామూలు రుసుముకు తోడు మనిషికి 100 డాలర్లు పడుతుంది. వారికి వార్షిక పాసు 250 డాలర్లు. ఏది లాభమో పార్కుల వెబ్‌సైటులో చూసి లెక్క వేసుకో.

సెలిగ్మన్‌లో ఒక పూట గడపండి. 1978 సెప్టెంబరు 22న పక్కనుంచి ఐ-40 తెరవగానే ఆ ఊరి వీధి ఖాళీ అయింది. బార్బరు షాపు నడిపే ఏంజెల్ డెల్గాడిల్లో ఊరివారిని కూడగట్టి 1987లో ఈ రోడ్డును కాపాడే సంఘం పెట్టారు, ప్రభుత్వం వెంటపడ్డారు. ఆ ఏడాదే అరిజోనా ఈ రోడ్డును చారిత్రక మార్గంగా ప్రకటించింది. ఇవాళ మనం చూడటానికి వెళ్లే రోడ్డు మిగిలిందంటే అందులో ఆయన పాత్ర పెద్దది. ఆ షాపులో ఏదైనా కొనండి.

కింగ్మన్ నుంచి ఓట్‌మన్ వెళ్లే కొండ దారి ఇరుకు, మలుపులు మరీ దగ్గర. పూర్వం కొన్ని కార్లు పెట్రోలు ఇంజనుకు అందక ఆ ఎత్తును రివర్స్‌లో ఎక్కేవి. ఉదయమే బయలుదేరు. మీ అమ్మకు కడుపులో తిప్పితే మానెయ్యండి, ఓట్‌మన్ వీధుల్లో తిరిగే గాడిదలు మన ఊళ్లోనూ ఉన్నాయి.

కింగ్మన్ నుంచి లాస్ వేగాస్ రెండు గంటలలోపు, అక్కడ విమానం ఎక్కండి. కాలిఫోర్నియా ఎడారిలో వరదలకు దెబ్బతిన్న పాత చెక్క వంతెనల వల్ల రోడ్డు అక్కడక్కడా మూసి ఉంటుంది. సాంటా మోనికా రేవు మీది బోర్డు కూడా ఫొటోలకే. అసలు రోడ్డు అంతకుముందే లింకన్, ఒలింపిక్ వీధుల కూడలిలో ముగిసేది.

అక్టోబరు నడిమి వారాలు మంచివి. నెల మొదట్లో అల్బుకర్కీలో బెలూన్ల ఉత్సవం ఉంటుంది, గదుల ధరలు మండిపోతాయి. కారు ఒక ఊళ్లో తీసుకుని ఇంకో ఊళ్లో అప్పగిస్తే ఎంత అదనమో ముందే అడిగి, అప్పుడు టికెట్లు కొను.

మీ పెదనాన్న