ఆస్టరిస్క్‌ ఫోన్ పెట్టె అమ్మితే సోర్స్ కోడ్ ఇవ్వాలా?

ప్రశ్న: ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజిగా పనిచేసే ఆస్టరిస్క్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో కొన్ని మార్పులు చేశాను. కాల్స్ పంచే మాడ్యూల్ ఒకటి సీ భాషలో సొంతంగా రాశాను. బిల్లింగ్ పేజీని ఏఎంఐ (బయటి ప్రోగ్రాములు ఆస్టరిస్క్‌తో మాట్లాడే మార్గం) ద్వారా కలిపాను. అన్నీ చిన్న పెట్టెలో ఎక్కించి కంపెనీలకు అమ్ముతున్నాను. ఒక కస్టమర్ సోర్స్ కోడ్ మొత్తం అడుగుతున్నారు. ‘కాపీ చేయరాదు, ఇతరులకు ఇవ్వరాదు’ అని ఒప్పందంలో రాయించుకున్నాను. అయినా ఇవ్వాలా?

జవాబు: బిల్లింగ్ పేజీ తప్ప మిగతాదంతా ఇవ్వాలి.

ఆస్టరిస్క్ జీపీఎల్ రెండో వెర్షన్ కింద ఉంది. ప్రోగ్రామును ఇతరులకు పంపిణీ చేసేవారు దాని సోర్స్ కోడ్‌ కూడా ఇవ్వాలనే లైసెన్సు అది. పెట్టె చేతులు మారిందంటే పంపిణీ జరిగినట్టే. అదే మీ సర్వర్‌లో నడుపుతూ సేవ మాత్రమే అమ్మి ఉంటే ఈ బాధ్యత వచ్చేది కాదు. అదనపు ఆంక్షలు పెట్టకూడదని ఆరో క్లాజు చెబుతుంది. కాబట్టి మీ ‘కాపీ చేయరాదు’ షరతు మిమ్మల్ని కాపాడదు సరికదా, లైసెన్సు మీరారనడానికి మీ సంతకంతోనే సాక్ష్యం అవుతుంది.

మాడ్యూల్ సొంతంగా రాసిందే కదా అంటారేమో. ఆ ఫైలు చివర ఆస్టరిస్క్ జీపీఎల్ కీ కనిపిస్తుంది. అది లేకపోతే మాడ్యూల్ లోడే కాదు. ఆ కీ అంటే ఒక పేరా; దాన్ని చేర్చిన కోడ్ జీపీఎల్ కిందే ఉండాలని అందులోనే రాసి ఉంది. ఆస్టరిస్క్ హక్కుదారు నుంచి వేరే లైసెన్సు కొంటే తప్ప దీనికి దారి లేదు.

బిల్లింగ్ పేజీ సంగతి వేరు. ఏఎంఐ, అలాంటి మార్గాలే అయిన ఏజీఐ, ఏఆర్ఐల ద్వారా మాట్లాడే ప్రోగ్రాములు జీపీఎల్ కిందకు రానక్కర్లేదన్నది తమ అభిప్రాయమని ఆస్టరిస్క్ లైసెన్సు ఫైలులోనే ఉంది. అందులోకి ఆస్టరిస్క్ కోడ్ ముక్కలేవీ కాపీ చేసి ఉండకూడదు, అంతే.

ఇచ్చే పద్ధతులు రెండు: పెట్టెతోపాటే సోర్స్ ఇవ్వడం, లేదా అడిగిన ఎవరికైనా ఇస్తామని కనీసం 3 ఏళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వడం. నా మాట వింటే మొదటిదే మేలు, బాధ్యత ఆ రోజే తీరిపోతుంది. అసలు ప్రాజెక్టు లింకు పంపి ఊరుకుంటే సరిపోదు, మీ మార్పులు అక్కడ ఉండవు.

ఒక పెన్‌డ్రైవ్‌లో ఆ పెట్టెలో ఉన్న వెర్షన్ సోర్స్, మీ మార్పులు, మాడ్యూల్, బిల్డ్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే), ఇన్‌స్టాల్ స్క్రిప్టులు, లైసెన్సు ప్రతి పెట్టండి. మార్చిన ప్రతి ఫైలులోనూ మార్చినట్టు, ఏ తేదీన మార్చారో రాయాలి. ఎక్కువగా బెడిసికొట్టేది వెర్షన్ దగ్గరే: అమ్మిన రోజు కోడ్‌కు గుర్తు పెట్టుకోకపోతే ఇవాళ్టి కోడ్ ఆ పెట్టెతో సరిపోలదు. ఖాళీ మెషీన్‌లో ఒకసారి బిల్డ్ చేసి చూశాకే పంపండి. పీజేసిప్ (ఆస్టరిస్క్‌లో కాల్స్ కలిపే భాగం) కాన్ఫిగ్‌లోని ట్రంక్ (ఫోన్ కంపెనీ లైను) పాస్‌వర్డులు సోర్స్ కిందకు రావు, అవి పొరపాటున కూడా అందులో పడకూడదు.

ఆలస్యం చేయకండి. ఉల్లంఘించగానే మీ హక్కు దానంతటదే రద్దవుతుందని నాలుగో క్లాజు అంటుంది. దిద్దుకోవడానికి మూడో వెర్షన్‌లో ఉన్న 30 రోజుల వెసులుబాటు రెండో వెర్షన్‌లో లేదు. ‘కాపీ చేయరాదు’ షరతును రద్దు చేస్తున్నట్టు పాత కస్టమర్లందరికీ రాతపూర్వకంగా తెలిపి, సోర్స్ పంపండి. అది పూర్తయ్యే వరకు కొత్త పెట్టెలు అమ్మకండి.

పెట్టె మీద ‘ఆస్టరిస్క్’ అని ముద్రించి ఉంటే అదీ చూసుకోండి. అది ట్రేడ్‌మార్క్, జీపీఎల్ దానిపై హక్కు ఇవ్వదు.