ఎర్రనేలలో పెరటి తోట: అమ్మీకి పెదనాయన ఉత్తరం

చిరంజీవి అమ్మీకి పెదనాయన ఆశీస్సులు.

కొత్త ఇంటి చుట్టూ మిగిలిన మూడు సెంట్లలో తోట పెట్టాలని, ఇద్దరూ ఉద్యోగాలకు పోయేవాళ్లు కాబట్టి రోజూ చాకిరీ ఉండకూడదని రాసినావు. అయ్యే పనే. అయితే మొదటి రెండు వానాకాలాలు మాత్రం ఒళ్లు వంచాల. ఆ రెండేళ్లలో వేర్లు లోతుకు దిగి, నేల మీద ఎప్పుడూ ఏదో ఒక కప్పు ఉండేలా చేసినావంటే మూడో ఏటి నుంచి వారానికి గంట పని చాలు. ఈ రెండూ లేకుండా, ఎండకు తట్టుకునే మొక్క కదా అని ఏది తెచ్చి నాటినా చాకిరీ తప్పదు.

మన అనంతపురానికి ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. జూన్‌లో రెండు జల్లులు పడి ఆశపెడతాయి, ఆషాఢం రాగానే పడమటి గాలి లేచి నేలలో ఉన్న తేమంతా లాక్కుపోతుంది. అందుకే మృగశిరకు గుంతలు సిద్ధంగా ఉండాలే గానీ మొక్కలు అప్పుడే పెట్టొద్దు. పుబ్బ, ఉత్తర కార్తెల్లో, అంటే సెప్టెంబరులో నాటు. అప్పుడు నాటిన మొక్కకు ముందు తడి, ఆ వెనకే చలికాలం దొరుకుతాయి. వేరు పట్టడానికి అంతకంటే మంచి అదను లేదు.

గుంతలు ఈ మే నెలలోనే తవ్వించు. కొత్త ఇంటి స్థలంలో పైకి ఎర్రమట్టి కనపడినా, కింద సిమెంటు గచ్చు, ఇటుక ముక్కలు, సున్నం పూడ్చి ఉంటారు. వాటి మీద ఏ మొక్కా బాగుపడదు, ఆకులు పసుపెక్కుతాయి. అదంతా తీసి బయట పోయించు. చెట్లకు పొడవు, వెడల్పు, లోతు మూడేసి అడుగులు, పొదలకు రెండేసి అడుగులు. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఇంకో పక్క వేయించు, కలపనీయొద్దు. అడుగున తెల్లని సుద్ద తగిలితే గడ్డపారతో ఇంకో ముక్కాలు అడుగు పగలగొట్టించు. తరువాత గుంతలో రెండు బిందెల నీళ్లు పోసి చూడు. తెల్లారేసరికి ఇంకా నిలబడి ఉంటే అక్కడ వేర్లు కుళ్లుతాయి, చోటు మార్చు. పదిహేను రోజులు ఎండనిచ్చి, పైమట్టిలో రెండు గంపల మాగిన పశువుల ఎరువు, అరకిలో వేపపిండి కలిపి నింపు. పచ్చిపేడ వేయొద్దు, వేరుపురుగు దానికోసమే వస్తుంది. మట్టి కూలుతుంది కాబట్టి నేలకంటే నాలుగు వేళ్లు ఎత్తుగా నింపు. నంద్యాల వైపు నల్లరేగడిలో అయితే లెక్క వేరు, అక్కడ మట్టి దిబ్బ పోసి దాని మీద నాటాల.

ఏం నాటాలంటావా? పడమర పక్క ఒక కానుగ, ఇంటికీ నీళ్ల సంపుకూ పదిహేనడుగుల దూరంలో. సీతాఫలం రెండు, మునగ ఒకటి, నిమ్మ ఒకటి, కరివేపాకు, వంటింటి పక్క మల్లె, వీధి వైపు నందివర్ధనం, తంగేడు. పడమటి హద్దు పొడుగునా గోరింటాకు దడి. మూడు సెంట్లకు ఇంతే. ప్రహరీ పూర్తయ్యేదాకా మేకల భయం ఉంటుంది కాబట్టి వీధి వైపు సీతాఫలం పెట్టు, మేక దాన్ని ముట్టదు. చంటిపిల్లలు తిరిగే ఇంట్లో గన్నేరు వద్దు, దాని ఆకూ పువ్వూ అన్నీ విషమే. పచ్చిక బయలు ఆలోచన ఉంటే మానుకో. ఒక్క సెంటు పచ్చికకే ఎండాకాలంలో రోజుకు రెండొందల లీటర్లు తాగిస్తావు.

కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే మొక్కలు కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. వాటి వేరు చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అట్లాగే మన ఎర్రమట్టిలో పెడితే ముద్ద ఎండి రాయవుతుంది, వేరు దాన్ని దాటి రాదు. ఏడాది గడిచినా మొక్క పెట్టినంతే ఉంటుంది, మనమేమో ఎరువు చాలలేదనుకుంటాం. తెచ్చిన మొక్కను పది రోజులు నీడలో ఉంచి, నాటే ముందు ముద్దను బకెట్ నీళ్లలో గంటసేపు నానబెట్టి, పైనున్న అంగుళం మట్టిని వేళ్లతో మెల్లగా జార్చు. చుట్టుకుపోయిన వేరుంటే కత్తిరించు. సంచిలో ఏ మట్టం దాకా ఉందో గుంతలోనూ అంతే లోతు. ఊత కర్రకు గుడ్డపేలికతో వదులుగా కట్టు, ఏడాదికి తీసేయి. బిగించి కడితే కాండం గాలికి తట్టుకోవడం నేర్చుకోదు.

ఇక నీళ్లు. రోజూ పైపు పట్టుకుని మొక్క మొదలు దగ్గరే తడిపితే వేరు నాలుగు వేళ్ల లోతులోనే తిరుగుతుంది, రెండు రోజులు ఊరికి పోతే వాడిపోతుంది. నీళ్లు పోసిన మర్నాడు సన్నటి ఇనుప చువ్వ తీసుకుని పాదులో గుచ్చు. తడి ఉన్నంత వరకు సులువుగా దిగుతుంది, పొడి తగలగానే ఆగిపోతుంది. అడుగున్నర దిగాల. నాటిన నెల రోజులు మూడు రోజులకొక బిందె, తరువాత మూడు నెలలు వారానికి రెండు బిందెలు, మొదటి ఎండాకాలం వారానికి మూడు, రెండో ఎండాకాలం పది రోజులకు నాలుగు. మూడో ఏటి నుంచి కానుగ, సీతాఫలం, తంగేడు అడగవు. నిమ్మకు మాత్రం ఎండాకాలంలో వారానికొకసారి తప్పదు. కొమ్మలు ఎంత దూరం పాకితే పాదు అంత వెడల్పు చేస్తూ పో, నీళ్లు ఆ అంచునే పడాల. నిమ్మ మొదలుకు నీళ్లు తగిలితే బంక కారుతుంది. అందుకని మొదలు చుట్టూ చిన్న గట్టు, దాని బయట నీళ్ల గట్టు, రెండు గట్లు కట్టు.

బోరు నీళ్లలో ఉప్పుంటే పాదులో తెల్లని పొర పేరుకుంటుంది, ఆకు అంచులు మాడతాయి. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే నీళ్లు చాలక కాదు, ఇనుము అందక. అది చూసి ఇంకా నీళ్లు పోస్తే ఇంకా చెడుతుంది. నీళ్ల శుద్ధి యంత్రం వదిలే నీళ్లు అసలు పోయొద్దు, వడపోసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. దీనికి మందు వాననీరే. మీ మిద్దె వెయ్యి చదరపు అడుగులు కదా, మన వానకు దాని మీద నుంచి ఏడాదికి నలభై వేల లీటర్లు జారుతాయి. మిద్దె గొట్టాలు వీధి కాలువలోకి వదలొద్దు. చిన్న కాలువ తీసి నిమ్మ పాదులోకి, అక్కడి నుంచి మునగకు, చివర పునాదికి పదడుగుల దూరంలో ఇంకుడు గుంతకు మళ్లించు.

అన్నిటికంటే ముఖ్యం నేల మీద కప్పు. బుడ్డల (వేరుశనగ) మిల్లులో పొట్టు బస్తాల లెక్కన దొరుకుతుంది. మూడంగుళాల మందాన పరుచు. పొడి పొట్టు ఆషాఢం గాలికి ఎగిరిపోతుంది, కాబట్టి పరిచిన వెంటనే పలచని పేడనీళ్లు చల్లి, పైన జొన్న చొప్ప ముక్కలు వేయి. కాండానికి జానెడు దూరం వదులు. ఆనించి వేస్తే మొదలు కుళ్లుతుంది, చెదలు పాకుతుంది. చెదలు చూసి భయపడొద్దు, అది తినేది ఎండిన చెత్తనే. నీళ్లు లేక నీరసించిన లేతమొక్క జోలికి మాత్రం పోతుంది. మట్టి గొట్టాలు కాండం మీదికి ఎక్కుతుంటే రాల్చేసి, గుప్పెడు వేపపిండి మొదట్లో చల్లు. ఫిబ్రవరి, మార్చిలో పక్కింటి వేపాకు రాలుతుంది. ఊడ్చి తగలబెట్టేదానికి బదులు అదంతా పాదుల్లోకే ఎత్తు. గోడ పక్క మూడడుగులు మాత్రం కప్పు లేకుండా గులకరాళ్లు పోసి శుభ్రంగా ఉంచు. తేళ్లు, పాములు తిరిగే ఊరు మనది, కప్పు కదిలించేటప్పుడు కర్రతో కదిలించు, చేయి పెట్టొద్దు. కడప బండలు పరిచే ఆలోచన ఉంటే మొక్కకు రెండడుగుల ఎడం ఉంచు. ఎండకు కాలిన బండ రాత్రి దాకా వేడి వదులుతుంది.

పొట్టు అందని ఖాళీ నేలలో జూన్ జల్లుకు పచ్చిరొట్ట గింజలు చల్లు: ఉలవ, అలసంద, పెసర, జనుము, నువ్వు, సజ్జ కలిపి సెంటుకు రెండొందల గ్రాములు. పూత దశలో, నలభై ఐదు రోజులకు, కొడవలితో కోసి అక్కడే పరిచేయి. వేర్లు పీకొద్దు.

నెలకొకసారి జీవామృతం ఇస్తే చాలు. ఇరవై లీటర్ల నీళ్లలో కిలో నాటావు పేడ, లీటరు పంచితం (ఆవు మూత్రం), రెండొందల గ్రాముల బెల్లం, అంతే శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి. నీడలో రెండు రోజులు, పొద్దునా సాయంత్రం కలుపు. వారంలోపు వాడేయి. తడి నేల మీద, కప్పు మీదనే పోయాల, ఎండిన నేలలో ఆ సూక్ష్మజీవులు బతకవు.

కలుపులో వయ్యారిభామను వాన పడిన మర్నాడు, పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేరుతో పీకు. పూతకొచ్చిన దాన్ని పాదుల్లో వేయొద్దు. తుంగ పీకేకొద్దీ గడ్డ తెగి రెండవుతుంది. దాని మీద అట్టపెట్టెలు పరిచి ఆ పైన పొట్టు వేయి, నీడకు నీరసిస్తుంది. నందివర్ధనానికో, కరివేపాకుకో పిండినల్లి వస్తే ముందు చీమలను చూడు, వాటిని మోసేది అవే. పైపు నీళ్లు గట్టిగా కొట్టి కడుగు. ఇంకా ఉంటే లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు బాగా గిలకొట్టి సాయంత్రం చల్లు. నిమ్మాకు మీద పిట్టరెట్టలా కనిపించేది సీతాకోకచిలుక పురుగు. లేతమొక్క అయితే ఏరేయి, చెట్టయినాక వదిలేయి.

మల్లెను నవంబరు ఆఖరులో అడుగున్నర ఎత్తుకు కోసి, నీళ్లు తగ్గించు. మునగను మూడడుగుల దగ్గర చిదిమితే కాయ చేతికందుతుంది.

మఖ కార్తెలో మంచి వాన పడిన రోజు ఫోన్ చెయ్యి. గోరింటాకు కొమ్మలు పెన్సిలంత లావువి, జానెడు పొడవువి కోసి తడిగోనెలో చుట్టి బస్సుకు వేస్తాను. అందిన సాయంత్రమే అడుగుకొకటి చొప్పున, మూడొంతుల్లో రెండొంతులు నేలలోకి దిగేట్టు, మొగ్గలు పైకి ఉండేట్టు గుచ్చు.

ఇట్లు
మీ పెదనాయన