అడగవలసిన చోట అడగండి

ప్రశ్న: తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో సహాయాచార్యురాలిగా పనిచేస్తున్నాను. స్త్రీపురుష సమానత్వంపై అధ్యాపకులు, సిబ్బంది, విద్యార్థుల అభిప్రాయాలు సేకరించి నివేదిక ఇవ్వవలసిన కమిటీలో నన్ను వేశారు. కిందటిసారి ఇలాంటి సమావేశం పెడితే శాఖాధిపతులే మాట్లాడారు. 'మా దగ్గర ఏ సమస్యా లేదు' అని రాసుకుని, టీ తాగి లేచి వచ్చాం. ఈసారి ఏం చేయాలి?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, తిరుపతి

జవాబు: సిద్ధాంత గ్రంథంపై సంతకం పెట్టవలసిన గైడు ముందు వరుసలో కూర్చుని ఉండగా, వెనక వరుసలోని పరిశోధక విద్యార్థిని లేచి సమస్య చెబుతుందని ఎలా అనుకున్నారు? ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) తెచ్చిన 2015 నిబంధనలను ఒకసారి తిరగేయండి. ఉపకులపతి, రిజిస్ట్రార్, డీన్‌లు, శాఖాధిపతులు అంతర్గత ఫిర్యాదుల కమిటీలో సభ్యులుగా ఉండరాదని అందులో స్పష్టంగా ఉంది. మీరు విచారణ జరపడం లేదు, నిజమే. అయినా అధికారం చేతిలో ఉన్నవారు వినేచోట కూర్చోకూడదన్న ఆ జాగ్రత్త మీ పనికీ అంతే అవసరం.

అందుచేత ఒకే పెద్ద సమావేశానికి బదులు విద్యార్థినులు, విద్యార్థులు, పరిశోధకులు, కార్యాలయ సిబ్బంది, అవుట్‌సోర్సింగ్‌లో ఊడ్చి తుడిచే కార్మికులు ఎవరికి వారుగా మాట్లాడే చిన్న చిన్న బృందాలను ఏర్పాటు చేయండి. పొద్దున్నే పనిలోకి దిగే కార్మికులను సాయంత్రం దాకా ఉండమంటే ఎవరూ ఉండరు. వారి పని వేళల్లోనే, ఆ గంటకు కూలి కోత పడదని కాంట్రాక్టరు చేత ముందే ఒప్పించి, వారి దగ్గరకే వెళ్లండి. వారి చేతికి ఇంగ్లీషు ప్రశ్నపత్రం ఇవ్వకండి. తెలుగులో అడిగి, చెప్పింది మీరే రాసుకుని, చదివి వినిపించండి. ఆవరణ అంతా శుభ్రం చేసే మనిషికి బట్టలు మార్చుకునే గది ఉందా లేదా అన్నది ఏ శాఖాధిపతీ చెప్పలేని సంగతి.

'మీరు వివక్షకు గురయ్యారా?' అని అడిగితే చాలామంది లేదనే అంటారు. ఆ మాట పెద్దది, పైగా తలనొప్పులు తెచ్చేది. దానికి బదులు రోజు ఎలా గడిచిందో అడగండి. నిన్న గ్రంథాలయం నుంచి ఎన్నింటికి బయలుదేరారు, అప్పుడే ఎందుకు బయలుదేరారు? పుత్తూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో రోజూ వచ్చిపోయే అమ్మాయి బస్సు కోసం ఏ ప్రయోగాన్ని సగంలో వదిలింది? అమ్మాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు, అబ్బాయిలది ఎన్నింటికి మూస్తారు? సభల్లో పుష్పగుచ్ఛాల పళ్లెం పట్టుకుని నిలబడేది ఎవరు, వేదికపై కూర్చునేది ఎవరు? (ఈ చివరి ప్రశ్నకు పాత ఫోటోల ఆల్బం చాలు, ఎవరినీ అడగనక్కరలేదు.) పీహెచ్‌డీ చేసే మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుగా మొత్తం కాలంలో 240 రోజుల వరకు తీసుకునే వీలు యూజీసీ నిబంధనల్లో ఉంది. ఈ సంగతి ఎందరికి తెలుసో, తెలిసీ అడగడానికి ఎందరు జంకారో తప్పక కనుక్కోండి.

ఇంకొక చిక్కు ఉంది. పేరు రాయనక్కరలేదంటూనే శాఖ, హోదా, స్త్రీయా పురుషుడా అన్న మూడు గళ్లూ నింపమంటే, ఒకే ఒక మహిళ ఉన్న శాఖలో ఆమె పేరు రాసి ఇచ్చినట్టే అవుతుంది. శాఖ అన్న గడిని తీసేయండి. ఎవరైనా తమపై జరిగిన వేధింపును చెప్పుకుంటే దాన్ని నివేదికలో ఉదాహరణగా వాడకండి. జరిగిన మూడు నెలల్లోగా అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చని చెప్పి, ఆమె కోరితే రాయడంలో సాయపడండి. నివేదిక తయారయ్యాక దాన్ని మొదట చూడవలసింది మీతో మాట్లాడినవారే. 'మేం చెప్పింది ఇదేనా' అని వారు సరిచూసుకున్న తర్వాతే రిజిస్ట్రార్ బల్ల మీదికి పంపండి.

ప్రశ్న: మా అమ్మాయి తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో చేరబోతోంది. అందరూ ఆడపిల్లలే ఉన్నచోట స్త్రీపురుష సమానత్వంపై సంప్రదింపులతో పనేముంది?
— ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: 1983లో ఆ విశ్వవిద్యాలయాన్ని స్థాపించింది చదువులో ఆడపిల్లలకు చోటు పెంచడానికే. అయితే ఏ మహిళా విద్యాసంస్థలోనైనా తరగతి గది ఒక్కటే ఉండదు. బస్సు, ఇంటర్న్‌షిప్, గైడు, కాంట్రాక్టరు, హాస్టల్ వేళలు అన్నీ ఉంటాయి. అక్కడ పనిచేసే మహిళల జీతం, సెలవు, పదోన్నతి కూడా సమానత్వం కిందికే వస్తాయి. అంతర్గత కమిటీ సభ్యుల వివరాలు అందరికీ తెలిసేలా ఉంచాలన్నది అన్ని ఉన్నత విద్యాసంస్థలకూ వర్తించే నియమం. చేర్పించడానికి వెళ్లిన రోజున ఫీజు కౌంటరుతో పాటు నోటీసు బోర్డు దగ్గరా ఒక నిమిషం ఆగి, ఆ పేర్లు అమ్మాయి చేతనే రాయించండి.