కాశీ నుంచి వచ్చాక ఒక కాలే వాచింది.. కేదార్‌నాథ్ వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 71. పర్లాకిమిడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. బీపీ ఉంది. చిన్నప్పుడు నౌపడలో చిన్న రైలెక్కి గుణుపురం వెళ్లే దారిలో వచ్చే స్టేషన్లు ఇప్పటికీ వరసగా చెప్పగలను. మొన్న కాశీలో పక్క గదిలో ఉన్నవాళ్ల పేర్లు మాత్రం గుర్తు రావడం లేదు. మతిమరుపా? చూసిన ఊళ్ల గురించి రాసుకుంటే తగ్గుతుందా? తిరుగు రైల్లో మెడికల్ షాపువాళ్లిచ్చిన నిద్రమాత్ర వేసుకుని పడుకున్నాను. దిగాక ఎడమ పిక్క వాచింది. పెయిన్ కిల్లర్‌తో నొప్పి తగ్గింది కానీ వాపు కొద్దిగా ఉంది. వచ్చే నెల కేదార్‌నాథ్ అనుకుంటున్నాం.

జవాబు: మాస్టారూ, మతిమరుపు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పిక్క చూపించుకోండి, వీలైతే ఈరోజే.

గంటల తరబడి కాలు కదపకుండా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టవచ్చు. వయసు పైబడ్డవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. మీరు పైగా నిద్రమాత్ర వేసుకుని అటూ ఇటూ కదలకుండా పడుకున్నారు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. చూడకుండా ఇదేనని నేను చెప్పలేను. కండరం పట్టేసి ఉండొచ్చు, చర్మానికి ఇన్ఫెక్షన్ వచ్చి ఉండొచ్చు. మన వైపు కాలు వాస్తే బోదకాలే అనుకుంటారు గానీ, అది ఇలా ఒక్క ప్రయాణంతో వచ్చేది కాదు. కాలికి డాప్లర్ స్కాన్ తీస్తే గడ్డ ఉందో లేదో తెలుస్తుంది. మీ ఊళ్లో కుదరకపోతే శ్రీకాకుళమో బరంపురమో వెళ్లండి. అప్పటిదాకా నూనె రాసి మర్దన చేయించుకోవద్దు. ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆ మాత్రల గురించి కాస్త కోప్పడాలి. నొప్పి తగ్గింది కాబట్టి జబ్బూ తగ్గిందనుకున్నారు. పెయిన్ కిల్లర్ వాపుకి అసలు కారణాన్ని కప్పిపుచ్చుతుంది, బీపీ పెంచుతుంది, కొన్ని బీపీ మందులతో కలిస్తే కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. షాపులో నిద్రకని ఇచ్చేవాటిలో కొన్ని అలర్జీ మాత్రలే. ఈ వయసులో వాటివల్ల మరునాడు తల దిమ్మెక్కి, మతిమరుపు కూడా వస్తుంది. పిల్లలకు తప్పు దిద్దిన చేతులతోనే చీటీ లేకుండా మందు కొనుక్కుంటే ఎలా?

ఇక మీరడిగింది. ఆ నారోగేజ్ రైలు 2004లోనే ఆగిపోయింది. అయినా స్టేషన్ల వరస మీకింకా నోటికుంది! పాత సంగతులు గుర్తుండి, కొత్తగా పరిచయమైనవాళ్ల పేర్లు జారిపోవడం వయసుతో చాలామందికి ఉండేదే. తెలిసిన వీధిలో దారి తప్పినా, అడిగిందే అడుగుతున్నారని ఇంట్లోవాళ్లు అన్నా అప్పుడు పరీక్ష చేయించాలి. బీ12, థైరాయిడ్ మాత్రం ఒకసారి చూపించుకోండి. రాసుకోవడం మంచిదే, రాయండి.

కేదార్‌నాథ్ దాదాపు 3,580 మీటర్ల ఎత్తు, పైగా దూరం నడక. స్కాన్ రిపోర్టు రాకుండా టికెట్లు తీయకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు మింగిన మాత్రల ఖాళీ స్ట్రిప్పులు, బీపీ మందుల చీటీ వెంట పట్టుకెళ్లండి.