పంటి ముచ్చట: పీకించుకోవాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది నర్సంపేట దగ్గర పల్లె. అంగన్‌వాడీ టీచర్‌గా చేస్తున్నాను, వయసు 41. కింది దవడలో ఎడమవైపు పన్నుకు రెండేళ్లుగా నల్లటి గుంట ఉంది. సంక్రాంతికి సకినం కొరికితే ఆ పన్ను ఒక పక్క పెచ్చు ఊడిపోయింది. తర్వాత మూడు వారాలు నరకం చూశాను. రాత్రి నడుం వాలిస్తే చాలు, చెవిలోకి, కణతలోకి గుంజేది. చల్లటి నీళ్లు పుక్కిట పట్టుకుంటేనే కాస్త ఊరట. మెడికల్ షాపులో గోళీలు తెచ్చుకుని మింగాను. ఇప్పుడు పది రోజులుగా నొప్పి లేదు గానీ చిగురు మీద చిన్న పొక్కు లేచింది. ఒక డాక్టర్ గారు రూట్ కెనాల్‌కు 4,500, క్యాప్‌కు 5,000 అన్నారు. ఇంకొకాయన పీకేద్దామని 800 చెప్పారు. పన్ను పీకితే చూపు పోతుందని మా అత్తమ్మ భయపెడుతోంది. నొప్పే లేనప్పుడు ఖర్చెందుకని మా ఆయన అంటున్నాడు. చచ్చిన పన్నును నోట్లో ఉంచుకుంటే ఒళ్లంతా విషమని మా ఆడబిడ్డ మాట. నాకు ఏం తోచడం లేదు.

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన మాట తేల్చేద్దాం. ఇంట్లో వినబడిన మూడు మాటల్లో ఎక్కువ నష్టం చేసేది అదే.

పన్ను మధ్యలో చిన్న గది ఉంటుంది. అందులో మెత్తటి గుజ్జు, నరం, రక్తనాళాలు ఉంటాయి. పుచ్చు అక్కడిదాకా చేరితే గుజ్జు వాస్తుంది. చెయ్యి వాస్తే చర్మం సాగుతుంది. పంటి గోడలు సాగవు కదా, ఆ వాపంతా నరాన్నే నొక్కుతుంది. పడుకుంటే తలకు రక్తం ఎక్కువ చేరుతుంది కాబట్టి రాత్రిపూట ప్రాణం పోయినంత పని అవుతుంది. చల్లనీళ్లతో ఊరట దొరికిందని రాశారు చూడండి, నేనైతే ఆ ఒక్క వాక్యంతోనే గుజ్జు ఇక కోలుకోదని అనుకునేవాణ్ణి. పది రోజుల కిందట నొప్పి ఆగిందంటే నరం చచ్చిపోయి ఉంటుంది. చిగురు మీది పొక్కు వేరు కొసన చేరిన చీము బయటికి తీసుకున్న దారి. ఆ దారి దొరికింది కాబట్టే మీకు నొప్పి లేదు. రోగం తగ్గలేదు, ఏడుపు ఆపిందంతే.

గోళీల సంగతి కూడా ఇక్కడే. యాంటీబయాటిక్ రక్తంతో పాటు ప్రయాణిస్తుంది. నరం చచ్చిన పన్ను లోపలికి రక్తమే పోనప్పుడు గోళీ ఎలా పోతుంది? చుట్టూ ఉన్న వాపు కాస్త తగ్గుతుంది, కోర్సు అయిపోగానే కథ మొదటికి వస్తుంది. అయితే ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. దవడ కిందికి, మెడ వైపు వాపు దిగినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే బండి కట్టించుకుని వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి పొండి. ఊపిరి దారి మూసుకుపోయే ప్రమాదం అది.

అత్తమ్మ గారికి ఇలా చెప్పండి. పంటికి వచ్చేది అయిదో కపాల నరం కొమ్మ, చూపుది రెండో నరం. రెండింటికీ పొత్తు లేదు. పళ్లు ఊడే వయసూ చూపు మందగించే వయసూ ఒకటే కావడంతో పుట్టిన మాట ఇది. పైగా జనం చెప్పుకునేది పై పళ్ల గురించి. మీది కింది పన్ను, కాబట్టి అత్తమ్మ లెక్కలో కూడా మీకు ప్రమాదం లేదు.

ఆడబిడ్డ గారి మాటలో మాత్రం పావువంతు నిజం ఉంది. చీము పట్టిన పన్నును అలాగే వదిలేస్తే చెడుపే. రూట్ కెనాల్‌లో చేసేది ఆ చెడుపును తీసేయడమే. మీది ఆరేళ్లకు వచ్చే పెద్ద దవడ పన్ను అనుకుంటున్నాను. దానికి మామూలుగా రెండు వేర్లు, వాటిలో మూడో నాలుగో సన్నటి గొట్టాలు ఉంటాయి. మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి, పైన కిటికీ తెరిచి, వెంట్రుక లాంటి ఫైళ్లతో ఆ గొట్టాల్ని కొసదాకా గీకి, హైపోక్లోరైట్ ద్రావణంతో పదేపదే కడిగి, గుట్టపర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో నింపి మూసేస్తాం. మీలాంటి పన్ను తెరిచినప్పుడు మొదట ఒక మురుగు వాసన వస్తుంది. మా అసిస్టెంట్ అమ్మాయి పదేళ్లుగా చూస్తోంది, ఇప్పటికీ ముఖం తిప్పుకుంటుంది. రెండో సిట్టింగుకు ఆ వాసన ఉండదు. పన్ను లోపల నరం లేకపోయినా, వేరును ఎముకకు పట్టి ఉంచే నార బయట బతికే ఉంటుంది. నమిలినప్పుడు బియ్యంలో రాయి తగిలితే మీకు తెలిసేది ఆ నార వల్లే. అది చచ్చిన పన్నెలా అవుతుంది?

మీరు అంగన్‌వాడీ టీచర్ కాబట్టి ఒక పక్కమాట. ఈ పన్ను పాలపన్ను ఊడకుండానే, అన్నిటికంటే వెనక, ఆరేళ్ల వయసులో చడీచప్పుడు లేకుండా వస్తుంది. తల్లులు దాన్ని పాలపన్నే అనుకుంటారు, పుచ్చినా 'ఊడిపోయేదే కదా' అని వదిలేస్తారు. మీ సెంటర్‌లో బడికి పోబోయే పిల్లల నోళ్లు ఒకసారి వెలుతుర్లో చూడండి.

ఇక అసలు ప్రశ్న. పీకాలా ఉంచాలా అన్నది నొప్పిని బట్టి తేలదు. పుచ్చంతా తీసేశాక చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలింది, అందులో చీలిక ఉందా లేదా, దీన్ని బట్టి తేలుతుంది. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడం మోసమే కానక్కర్లేదు. పుచ్చు తీయకముందు ఇద్దరూ అంచనాయే వేస్తారు. క్యాప్ అంటే పన్ను మీద వేసే తొడుగు. అది నిలవాలంటే చిగురు అంచు పైన చుట్టూరా సుమారు 2 మిల్లీమీటర్ల గట్టి గోడ కావాలి. పెసరపప్పు బద్ద మందం అనుకోండి. అంత ఉంటే క్యాప్ పన్నును పట్టుకుంటుంది. లేకపోతే రూట్ కెనాల్ ఎంత బాగా చేసినా ఏదో ఒక రోజు అన్నం ముద్దతో పాటు క్యాప్ చేతిలోకి వస్తుంది.

మీ విషయంలో నాకున్న అనుమానం సకినం మీద. పెచ్చు ఊడిందన్నారు. పక్కగోడ విరిగితే ఫర్వాలేదు. పగులు నిలువునా వేరులోకి దిగితే మాత్రం పీకడం ఒక్కటే మార్గం. ఎక్స్‌రేలో ఆ పగులు చాలాసార్లు కనిపించదు. పన్ను చుట్టూ సన్నటి కొలబద్దతో తడిమినప్పుడు అంతటా తక్కువ లోతు ఉండి ఒక్కచోట మాత్రం లోతుగా దిగబడితే అనుమానించాలి. దీన్ని పట్టుకోలేక నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. ఒకామెకు రూట్ కెనాల్ చేశాను, క్యాప్ పెట్టాను, ఎనిమిది నెలలకు చీముతో వచ్చింది. పీకి చూస్తే వేరు కట్టెపేడులా రెండుగా విడిపోయింది.

దానికి తలకిందులైన తప్పు కూడా చేశాను. ప్రాక్టీస్ పెట్టిన కొత్తలో ఒక రైతు పత్తి ట్రాక్టర్‌తో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చి, బండి లైన్లో పెట్టి, హన్మకొండలో నా దగ్గరికి ఆటోలో వచ్చాడు. "పీకెయ్యి సార్, కాంటా టైముకు పోవాలె" అన్నాడు. బయట పది మంది కూర్చున్నారు. పీకేశాను. ట్రేలో పడ్డ పన్నును చూసి నాకే మనసొప్పలేదు. వేర్లు నిగనిగలాడుతున్నాయి, చుట్టూ గోడలు దిట్టంగా ఉన్నాయి, నడుమ ఒక్క గుంట. ఏడేళ్లకు మళ్లీ వచ్చాడు. వెనక పన్ను ఖాళీలోకి ఒరిగింది, పై పన్ను కిందికి జారింది, సందులో రోజూ కూర ఇరుక్కుని ఒరిగిన పన్ను కూడా పుచ్చింది. అద్దంలో చూపించి వివరిస్తే అంతా విని, "గిదంతా ఆనాడే చెప్పకపోతివి సార్?" అన్నాడు. నిజమే, చెప్పలేదు. నాకు మూడు నిమిషాలు పట్టేది.

కాబట్టి 800ని 9,500తో పోల్చకండి. పీకించుకున్నాక ఆ ఖాళీని ఏం చేస్తారో దాని ఖర్చు కూడా కలపండి. బ్రిడ్జి పెట్టాలంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీసి మూడు క్యాపులు కలిపి వేయాలి. మీకు చెప్పిన రేటుకే 15,000. ఎముకలో స్క్రూ దించి దాని మీద పన్ను పెట్టే ఇంప్లాంట్ అంటే మన దగ్గర పాతిక వేల పైమాటే, ఎముక పట్టడానికి నెలలు ఆగాలి. తీసిపెట్టుకునే సెట్ చవక, కానీ మీ వయసులో చాలామంది దాన్ని డబ్బాలోనే ఉంచుతారు. అయితే పీకిన ప్రతి పన్నుకూ బదులు పెట్టాలని లేదు. చివరి పన్నైతే, ఎదురు పన్ను లేకపోతే, ఖాళీగా వదిలేసినా పెద్దగా నష్టం ఉండదు. చిగుళ్ల జబ్బుతో ఊగులాడే పన్నుకు రూట్ కెనాల్ చేయించడం మాత్రం డబ్బు దండగ.

మీ ఉత్తరం వరకే చూస్తే నేను ఉంచుకోవడం వైపే మొగ్గుతాను, ఒక షరతు మీద. క్యాప్ పెట్టించుకుంటానంటేనే. నరం తీశాక నొప్పి ఉండదు, తాత్కాలిక సిమెంటుతో పని నడుస్తుంది. ఇక మనవాళ్లు రారు. "మిర్చి ఏరుడు అయినంక వస్త సార్" అని పోయినవాళ్లు మళ్లీ మిర్చి వేసే టైముకు విరిగిన పన్నుతో వస్తారు. పెంకులు లేని మట్టిగోడ ఎన్ని వానలకు ఆగుతుంది? గుంటపడ్డ దవడ పన్నూ అంతే. రెండు వైపులా గోడలు మిగిలి నడుమ బోలుగా ఉంటుంది, గట్టిగా నమిలితే నిలువునా చీలుతుంది. క్యాప్ డబ్బులు ఇప్పట్లో సర్దలేమనుకుంటే అది ముందే డాక్టర్‌తో చెప్పండి. కొన్నాళ్లు ఆగేలా గట్టి ఫిల్లింగ్‌తో పంటి కొమ్ముల్ని కప్పి ఇవ్వచ్చు. ఎన్నటికీ క్యాప్ పెట్టించుకోనని మీకు ఇప్పుడే తెలిస్తే, మొహమాటం లేకుండా పీకించుకోండి. ఆ 4,500 మిగులుతాయి. డబ్బే అడ్డమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో రూట్ కెనాల్ చేస్తారు. రెండు మూడుసార్లు తిరగాల్సి వస్తుంది, కాజీపేటలో పొద్దున రైలెక్కితే పని అవుతుంది.

మొదటి డాక్టర్ దగ్గరికే పోయి ఇలా అడగండి: "పుచ్చంతా తీశాక ఒకసారి ఆపి చూపిస్తారా? క్యాప్ నిలవదనిపిస్తే అక్కడే పీకేయండి." మంచి డాక్టర్ ఈ మాటకు నొచ్చుకోడు. నాకైతే ఇలా అడిగే పేషెంటు అంటే ఇష్టం.

ప్రశ్న: హన్మకొండలో హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. జ్ఞానదంతం సగమే బయటికి వచ్చి మాటిమాటికీ వాస్తోంది. దీనికీ రూట్ కెనాల్ చేయించుకోవచ్చా? పరీక్ష మూడు వారాల్లో ఉంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, వద్దు. సగం చిగురు కింద ఉన్న పన్నుకు రూట్ కెనాల్ చేసినా చిగురు మూత కింద మెతుకులు చేరుతూనే ఉంటాయి, వాపు వస్తూనే ఉంటుంది. దాన్ని తీయించాల్సిందే, కానీ పరీక్ష ముందు కాదు. తీశాక వాపు రెండో, మూడో రోజుకు బాగా పెరుగుతుంది. ఇప్పటికి శుభ్రం చేయించుకుని, గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించు. అవసరమైతే మందులు డాక్టరే రాస్తారు, షాపువాణ్ణి అడగొద్దు. పరీక్ష అయిన మర్నాడే అపాయింట్‌మెంట్ పెట్టుకో. తీశాక సిగరెట్ ముట్టావంటే గాయంలో కట్టిన నెత్తురు గడ్డ లేచిపోయి ఎముక బయటపడుతుంది. ఆ నొప్పి ముందు ఇప్పటి వాపు ఏపాటిది?

ప్రశ్న: భూపాలపల్లిలో సింగరేణిలో చేసి రిటైరయ్యాను. వయసు 68. షుగర్ ఉంది, మూడేళ్ల కింద గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలుచబడే గోళీలు రెండు రకాలు వాడుతున్నాను. పైన ఒక పన్ను పీకించాలి. గోళీలు అయిదు రోజులు ఆపి రమ్మని తెలిసినాయన చెప్పాడు. ఆపమంటారా?

జవాబు: పెద్దాయనా, మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి. పంటి గాయంలో నెత్తురు కాసేపు ఎక్కువ కారితే దూది ఒత్తి, కుట్టు వేసి ఆపగలం. స్టెంట్‌లో గడ్డ కడితే మన చేతిలో ఉండదు. మార్చాలా వద్దా అన్నది మీ గుండె డాక్టర్ చెప్పాలి, చాలాసార్లు మార్చకుండానే ఒకటి రెండు పళ్లు తీసేస్తాం. మీలాంటివారికి పన్ను గట్టిగా ఉంటే రూట్ కెనాలే నయం, గాయం ఉండదు. అది కూడా అడిగి చూడండి. ఎముకల బలానికి ఏడాదికోసారి ఇచ్చే ఇంజెక్షన్ ఎప్పుడైనా తీసుకున్నారా? తీసుకుంటే ముందే చెప్పాలి, అలాంటివారికి పీకిన చోట దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. గోళీల చిట్టీ, ఈమధ్య చేయించిన షుగర్ రిపోర్ట్ జేబులో పెట్టుకోండి. పొద్దున్నే, టిఫిన్ చేసి, షుగర్ గోళీ వేసుకుని రండి. పరగడుపున రావద్దు.